కళ్లకు కట్టే పెట్టె రానివ్వండి, నొప్పి మాత్ర ముందు రావాలి!

క్యాన్సర్ రోగికి కీమో మందు ఎక్కించేటప్పుడు కళ్లకు ఒక పెట్టె కడుతున్నారు. అందులో రెండు అద్దాలు, వాటి వెనక చిన్న తెర. చెవులకు చప్పుడు వినిపించే యంత్రం. తల కుడికి తిప్పితే సముద్రం, పైకి ఎత్తితే ఆకాశం, కిందికి వంచితే చేపలు. ఆ కాసేపు వార్డు కనపడదు. సూది కనపడదు. పక్క మంచం మీద మూలిగే మనిషి కనపడడు. దీన్ని వర్చువల్ రియాలిటీ అంటారు, పొట్టిగా వీఆర్. లేని లోకాన్ని ఉన్నట్టు చూపే యంత్రం అనుకుంటే చాలు.

దీని మీద మన కార్యకర్తల్లో రెండు రకాల మాటలు వినపడుతున్నాయి. "ఇది డబ్బున్నోళ్ల ఆటబొమ్మ, మనకెందుకు?" అనేది ఒకటి. "కొత్త టెక్నాలజీ వచ్చింది, ఇక రోగుల కష్టం తీరినట్టే" అనేది రెండోది. రెండూ తప్పే అంటున్నాం మేము. ఈ పెట్టె మనకూ కావాలి. మన రోగులకూ కావాలి. కానీ నొప్పి మాత్రకు బదులుగా, నర్సుకు బదులుగా, నాలుగు మంచి మాటలకు బదులుగా వస్తే మాత్రం ఒప్పుకోవద్దు. ఏది ముందు, ఏది వెనక అనే వరుస తప్పొద్దు. మేము చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఇది ఉత్త మాయ కాదని తెలుసుకుందాం. నాట్లేసే అక్కలను అడగండి. పొద్దున్నుంచి బురదలో వంగి వంగి నడుము పడిపోతది. ఒకామె పాట ఎత్తుకుంటది, పదిమంది అందుకుంటరు. పాటతో నడుము నొప్పి పోయిందా? పోలేదు. కానీ మనసు పాట మీదికి మళ్లింది, నొప్పి మీద ధ్యాస తగ్గింది, పొద్దు తొందరగా గూకింది. మనిషి ధ్యాస ఒక దోసెడే. ఆ దోసిట్లో ఒకటి నిండితే ఇంకోదానికి చోటు తగ్గుతది. నొప్పికి కూడా ఆ చోటే కావాలి. మన తల్లులకు పొలంలో తెలిసిన ఈ సంగతినే డాక్టర్లు యంత్రంలో పెట్టారు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల చివర్లో ఈ పని మొదలుపెట్టారు. ముందు క్యాన్సర్ రోగులతో కాదు, ఒళ్లు కాలిన రోగులతో. కాలిన చోట కట్టు విప్పి కడుగుతుంటే వచ్చే నొప్పిని బలమైన మందులు కూడా పూర్తిగా ఆపలేవు. అందుకని వాళ్లకోసం 'స్నోవరల్డ్' అనే మంచు లోకం తయారుచేశారు. రోగి మంచు లోయలో పోతూ మంచు ఉండలు విసురుతుంటాడు, ఈలోగా నర్సు పుండు కడిగేస్తుంది. 2004లో ఈ బృందమే కొద్దిమంది ఆరోగ్యవంతులకు వేడి తగిలిస్తూ మెదడు స్కాన్ తీసింది. పెట్టె కట్టుకున్నప్పుడు మెదడులో నొప్పికి సంబంధించిన ఐదు చోట్ల చురుకుదనం తగ్గింది. అంటే రోగి మొహమాటానికి "తగ్గింది సార్" అనడం కాదు, లోపల నిజంగానే తేడా ఉంది.

ఇక క్యాన్సర్ సంగతి. డ్యూక్ యూనివర్సిటీలో సుసాన్ ష్నైడర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు రొమ్ము, పెద్దపేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 123 మందిని పరిశీలించింది. ఒక కీమోకు పెట్టె కట్టారు, ఇంకో కీమోకు కట్టలేదు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. పెట్టె కట్టుకున్న రోజు టైము తొందరగా గడిచినట్టు అనిపించింది. నూటికి 82 మంది మళ్లీ కట్టుకుంటామన్నారు. అయితే కీమో అయిన వెంటనే చూసినా, రెండు రోజులకు చూసినా, వికారం, అలసట లాంటి బాధల్లో లెక్కకు వచ్చే తేడా లేదు.

ఈ ఫలితాన్ని మనం జాగ్రత్తగా చదవాలి. పెట్టె ఆ పూటను దాటిస్తది. అంతే. గడ్డను కరిగించదు. ఇంటికి పోయినంక వచ్చే వాంతిని ఆపదు. రేపు ఎవరన్నా వచ్చి "అమెరికా ప్రభుత్వమే దీన్ని ఒప్పుకుంది" అని చెప్పి అమ్మజూపవచ్చు. 2021 నవంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఒక వీఆర్ పరికరానికి అనుమతి ఇచ్చిన మాట నిజమే. అది పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఇచ్చిన అనుమతి, క్యాన్సర్‌కు కాదు. ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి అమ్మేవాళ్ల దగ్గర మెలకువగా ఉండాలి.

మరి పూట దాటించడం చిన్న సంగతా? కాదు. కీమో అంటే ఏమిటో దగ్గరుండి చూసినవాళ్లకు తెలుసు. నరం దొరికేదాకా పొడవాలి. ఆ తర్వాత గంటల తరబడి సెలైన్ బాటిల్ కింద కదలకుండా ఉండాలి. రెండు మూడు వారాలకోసారి మళ్లీ అదే కుర్చీ, అదే వాసన. కొందరికి మందు ఎక్కకముందే, ఆసుపత్రి గేటు దగ్గరే వాంతి వస్తది. చూసేవాళ్లు నాటకమంటరు. నాటకం కాదు. పోయినసారి పడ్డ బాధను ఒళ్లు గుర్తుపెట్టుకుంది, అంతే. మా వాడల నుంచి పెద్దాసుపత్రికి పోయి సగంలో వైద్యం ఆపేసినవాళ్లు ఉన్నారు. కూలి పోవడం ఒక కారణం, బస్సు చార్జీలు ఒక కారణం, భయం ఇంకో కారణం. మొదటి రెండింటికి లెక్క ఉంది కాబట్టి అందరూ మాట్లాడతరు. భయానికి లెక్క లేదు, అందుకని ఎవరూ మాట్లాడరు. ఒక్క పూట భయం తగ్గితే ఆ మనిషి రెండోసారి కూడా ఆసుపత్రికి పోయే ధైర్యం చేస్తడు.

'కరెంటు పెట్టడం' సంగతి ఇంకా అన్యాయం. రేడియేషన్‌కు మన జనం పెట్టుకున్న పేరు అది. పేరు వింటేనే షాక్ కొడతదని వణుకుతరు. నిజానికి అందులో షాక్ లేదు. పెట్టేటప్పుడు కిరణాలు తగిలినట్టు కూడా తెలియదు. తర్వాత చర్మం కమలడం, నోరు పూయడం లాంటివి వస్తాయి, వాటికి మందులున్నాయి. నోటికి, గొంతుకు క్యాన్సర్ వస్తే తల కదలకుండా ముఖానికి ప్లాస్టిక్ జాలీ తొడిగి బల్లకు బిగిస్తారు. అందరూ బయటికి పోతారు, తలుపు మూస్తారు, లోపల రోగి ఒక్కడే. బయట నుంచి కెమెరాలో చూస్తుంటారు. కానీ ఆ సంగతి రోగికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పకపోతే అది వైద్యంలా ఉంటదా, శిక్షలా ఉంటదా?

ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీ వాళ్లు రేడియేషన్ నేర్చుకునే విద్యార్థుల కోసం ఆ గదిని, యంత్రాన్ని తెరమీద నిజంలాగే చూపే ఏర్పాటు చేశారు. దాని పేరు 'వర్ట్'. తర్వాత దాన్నే రోగులకు చూపడం మొదలుపెట్టారు. గది ఇట్లా ఉంటుంది, యంత్రం నీ చుట్టూ ఇట్లా తిరుగుతుంది, నిన్ను తాకదు అని ముందే చూపిస్తారు. మనకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే అని మా అభిప్రాయం. మేము బడిలో చూస్తుంటాం గదా. ఇంట్లో ఎవరూ చదువుకోని పిల్లకు పరీక్ష హాలు ముందురోజే చూపిస్తే సగం వణుకు పోతది. ఆసుపత్రిలో మన జనమంతా మొదటి తరం విద్యార్థులే. చూపించి, తెలుగులో చెప్పి పంపాలి. దీనికి ఖరీదైన పెట్టె కూడా అక్కర్లేదు. 2014లో గూగుల్ కంపెనీ అట్టతో చేసిన పెట్టెను తెచ్చింది. అందులో మామూలు స్మార్ట్‌ఫోన్ పెడితే చాలు, బొమ్మ చుట్టూ తిరుగుతది. 2021లో ఆ కంపెనీ అమ్మడం ఆపేసింది గానీ ఆ పద్ధతి ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. పాట నడుము నొప్పిని మరిపిస్తదని చెప్పుకున్నాం. అయితే గట్టు మీద నిలబడ్డ ఆసామి ఏమంటడు? "ఆడోళ్లు పాడుకుంట హాయిగ నాటేస్తున్నరు, కూలి ఎందుకు పెంచాలె?" అంటడు. పాట మనది, మన ఓర్పు మనది. అది కూలికి బదులు కాదు. ఈ పెట్టె కూడా అంతే. రేపు ఏ అధికారి అయినా "వార్డులో వీఆర్ పెట్టాం గదా, ఇంకేం కావాలి?" అంటే ఈ సంగతి గుర్తుచేయాలి.

కూలి అంటే ఇక్కడ ఏమిటి? నొప్పి మాత్ర. క్యాన్సర్ నొప్పికి ఏ మెట్టు మీద ఏ మందు ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. చిన్న నొప్పికి పారాసిటమాల్ లాంటివి, పెద్ద నొప్పికి మార్ఫిన్. మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. ఆ నల్లమందు పంట మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సుతో పండుతుంది. మరి ఇక్కడి రోగికి ఎంత అందుతోంది? 2017లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క ప్రకారం మన దేశానికి అవసరమైన దాంట్లో నూటికి నాలుగు వంతులే. పంట మనది, నొప్పి మనది, మాత్ర మాత్రం మనది కాదు.

ఎందుకిట్లా? 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం అంత కఠినంగా ఉంది. మార్ఫిన్ ఉంచుకోవాలంటే ఆసుపత్రులు లైసెన్సు మీద లైసెన్సు తెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ తిప్పలు పడలేక చాలామంది మానుకున్నారు. 2014లో చట్టం సవరించారు, దారి సులువైంది. కానీ భయం పోలేదు. "మార్ఫిన్ అంటే అలవాటైపోతది", "మార్ఫిన్ అంటే ఆఖరి మందు" అనే మాటలు డాక్టర్ల నోటి నుంచి కూడా వస్తాయి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే వ్యసనం కావడం అరుదు. మలబద్ధకం అవుతుంది, దానికి తోడు మందు ఇస్తారు. ఇది చావుకు ముందు వేసే మందు కాదు, బతికినన్నాళ్లు మనిషిలా బతకడానికి వేసే మందు.

చెయ్యాలనుకుంటే చెయ్యవచ్చని కేరళ చూపింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ లాంటివాళ్లు నొప్పి తగ్గించే సొసైటీ పెట్టారు. తర్వాత ఊళ్ల జనమే వాలంటీర్లుగా మారి మంచం పట్టిన రోగుల ఇళ్లకు పోవడం మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. మన హైదరాబాద్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఈ ఉపశమన వైద్యానికి విభాగం ఉంది. కానీ మంచం పట్టిన మనిషి మారుమూల మండలం నుంచి హైదరాబాద్ దాకా ఎట్లా పోతడు? మాత్రే మండలానికి రావాలి.

ఇందులో కులం ఎక్కడుంది అని కొందరు అడుగుతారు. ఉంది. తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఏం చెప్పిందో వినండి. అగ్రకుల హిందువుల కన్నా దళితుల సగటు ఆయుష్షు మూడేళ్ల పైన తక్కువ, ఆదివాసులది నాలుగేళ్ల పైన తక్కువ. పేదరికం ఒక్కటే దీనికి కారణం కాదని కూడా చెప్పింది. ఇక నొప్పి దగ్గరకొస్తే, "వీళ్లకు అలవాటే, ఓర్చుకుంటరు" అనే మాట వార్డుల్లో మేము విన్నాం. మన ఒంటికి నొప్పి తక్కువ తెలుస్తదా? రాళ్లు మోసిన చేతికి సూది గుచ్చితే నొప్పి పుట్టదా? ఓర్చుకోవడం మన స్వభావం కాదు, మన మీద మోపిన బరువు. నోరు తెరిచి "నొప్పి" అని చెప్పడం మన రోగులకు నేర్పాలి. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో చెప్పమని అడిగే పద్ధతి ఉంది. అడిగించుకోవాలి, కాగితం మీద రాయించుకోవాలి.

పెట్టె వస్తే ఇంకో ముచ్చట కూడా ఉంటది. అది ముఖానికి కట్టేది. ఒకరి నుదురుకు తగిలింది ఇంకొకరి నుదురుకు తగులుతది. హోటల్లో రెండు గ్లాసులు పెట్టిన దేశం మనది. ఒకే పెట్టె అన్ని కులాల ముఖాలకు కట్టాల్సి వస్తే "వాళ్లకో పెట్టె, మాకో పెట్టె" అనే గొంతు లేవదని ఎవరన్నా హామీ ఇస్తారా? శుభ్రం కావాలి, తప్పకుండా కావాలి. కీమో రోగికి ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి ప్రతి మనిషి తర్వాతా మందుతో తుడవాలి. అది క్రిముల కోసం, కులం కోసం కాదు. పైగా ఆ తుడిచేది ఎవరు? ఔట్‌సోర్సింగ్ జీతం మీద పనిచేసే మన అక్కలే. ఆ పనికి చేతి తొడుగులు, శిక్షణ, జీతంలో లెక్క ఉండాలి.

పెట్టెలో ఏం చూపుతారన్నది కూడా అడగాలి. మంచు కొండలు, విదేశీ బీచ్‌లు చూపితే కాసేపు బాగానే ఉంటది. కానీ గోదావరి ఒడ్డు, తాటివనం, జాతర, డప్పు దరువు ఎందుకుండకూడదు? ప్రశాంతత పేరుతో గుడి గంటలు, మంత్రాలు మాత్రమే పెడితే అందరికీ ప్రశాంతత దొరకదు. ఒకరికి చర్చి పాట, ఒకరికి దర్గా ఖవ్వాలీ, ఒకరికి ఏ దేవుడూ లేని చెరువు గట్టు. ఏది చూడాలో రోగి ఇష్టం. ఇంగ్లిష్‌లో మాట్లాడే పెట్టెను తెచ్చి, మా అవ్వకు అర్థం కాలేదని మా అవ్వను తప్పుపట్టొద్దు.

ఇది అందరికీ పడదు కూడా. కొందరికి తల తిరిగి వాంతి వస్తది. అసలే వాంతులున్న రోగికి అది రెట్టింపు బాధ. ఫిట్స్ వచ్చేవాళ్లకు, మెదడులో గడ్డ ఉన్నవాళ్లకు, ముఖం మీద పుండో కుట్లో ఉన్నవాళ్లకు డాక్టరు చూడకుండా కట్టకూడదు. వద్దంటే తీసేయాలి. అందుకే ముందు అడగాలి, చెప్పాలి, ఒప్పుకుంటేనే కట్టాలి.

ఒప్పుకోవడం అంటే ఏమిటో మనకు ఒకసారి అనుభవమైంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను సుమారు 14,000 మంది ఆడపిల్లలకు వేశారు. హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా చెడ్డదని మేము అనడం లేదు. ఎన్నో దేశాల్లో అది ఆడవాళ్లను కాపాడుతోంది, మన పిల్లలకూ కావాల్సిందే. తప్పు అడగకపోవడంలో ఉంది. రేపు వీఆర్ పరిశోధన పేరుతో ఎవరన్నా వార్డుకు వస్తే, కాగితం తెలుగులో చదివి వినిపించాలి. కాదంటే వైద్యం ఆగదని చెప్పాలి. పరిశోధన అయిపోయాక పెట్టెలు సర్దుకుని పోతారా, ఇక్కడే ఉంచుతారా అని అడగాలి.

దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ వచ్చిందని, 9 లక్షల మంది దాంతో చనిపోయారని అంతర్జాతీయ సంస్థల అంచనా. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని, 2025-26లోనే 200 పెడతామని ప్రకటించింది. అంటే కీమో కుర్చీ మన జిల్లాకు రావాలి. వచ్చే కుర్చీ పక్కన ఏముండాలో ఇప్పుడే చెప్పాలి. కట్టిన తర్వాత చెబితే "బడ్జెట్ అయిపోయింది" అంటరు.

మేము అడుగుతున్నది ఇది:

జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉండాలి, రాసే డాక్టరు ఉండాలి. మండలంలో అందే దారి ఉండాలి.

ప్రతి రోగి నొప్పినీ సున్నా నుంచి పది దాకా అడిగి కేసు షీటులో రాయాలి.

కీమోకు, రేడియేషన్‌కు ముందు రోగికీ, తోడు వచ్చినవాళ్లకూ ఆ గది చూపించి తెలుగులో వివరించాలి.

రోగికి, తోడు మనిషికి బస్సు పాసు, పడుకోవడానికి చోటు, అన్నం ఉండాలి.

ఇవన్నీ చేస్తూ వీఆర్ పెట్టెలు పెట్టాలి. పే వార్డులో పెడితే జనరల్ వార్డులోనూ పెట్టాలి. కార్పొరేట్ ఆసుపత్రి ఏసీ గదిలో పెడితే ధర్మాసుపత్రి కటిక మంచం దగ్గరా పెట్టాలి.

సంఘం బాధ్యులు ఈ పదిహేను రోజుల్లో ఒక పని చేయండి. నలుగురు కలిసి జిల్లా ఆసుపత్రికి పోండి. "మార్ఫిన్ మాత్రలు ఉన్నాయా? ఎవరు రాస్తారు? ఏ రోజు ఇస్తారు?" అని ఈ మూడే ప్రశ్నలు సూపరింటెండెంట్‌ను అడగండి. జవాబు రాసుకుని సంతకం పెట్టించుకోండి. సంతకం పెట్టకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. వాడలో క్యాన్సర్‌తో ఉన్నవాళ్లెవరు, నొప్పికి ఏం వేసుకుంటున్నారు, వైద్యం మధ్యలో ఆపినవాళ్లెవరు అన్నది ఒక నోటు బుక్కులో రాయండి. వాళ్ల ఇష్టంతోనే రాయండి, పేర్లు బయట పెట్టకండి. చదవడం రానివాళ్లకు ఈ వ్యాసం చదివి వినిపించండి.

గుణం కాని రోగం ఉండొచ్చు. తగ్గించలేని నొప్పి మాత్రం చాలా తక్కువ. తగ్గించగలిగి కూడా తగ్గించకపోతే అది రోగం చేసిన పని కాదు, మనుషులు చేసిన పని. మనుషులు చేసినదాన్ని మనుషులు మార్చవచ్చు.

జై భీమ్!